నడిమి మెట్టు

నేను ఒక నిచ్చెనను. అచ్చమైన వెదురు నిచ్చెనను. ఇన్నేళ్లలో నా మీద నుంచి మనిషన్నవాడు ఒక్కడు కూడా కింద పడలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. కావాలంటే బజార్లో అమ్మే ఆ ఇనుప నిచ్చెనల దగ్గరికి వెళ్లి అడగండి, ఒక్కటైనా ఇంత ధైర్యంగా చెబుతుందేమో.

మీరు నమ్మరని తెలుసు. పర్వాలేదు, నేనూ మిమ్మల్ని నమ్మను. నిచ్చెన పుట్టుక పుట్టాక మనిషిని నమ్మడం కష్టం. ఎక్కడానికి వచ్చినవాడు ముందు నా కాళ్లు ఊపి చూస్తాడు. తర్వాత మొదటి మెట్టు నొక్కి చూస్తాడు. ఆ పైన కింద ఒకణ్ని నిలబెట్టి "గట్టిగ పట్టుకో" అంటాడు. సగం ఎక్కాక ఆ పట్టుకున్నవాడి మీద కూడా అనుమానమే, వంగి వంగి చూస్తాడు. ఏళ్ల తరబడి ఇంత అనుమానం నన్ను తొక్కుకుంటూ ఎక్కి దిగుతుంటే నాకు మాత్రం అంటదా?

ఆ మాటకొస్తే నా రాకడే దొంగరాకడ. ఆదిలాబాదుకు ఆవల, పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర అనగా ఉన్న చిన్న ఊరు మాది. అడవిలో హాయిగా గాలికి ఊగుతున్న నన్ను నరికి, ఎడ్లబండిలో జొన్నచొప్ప కింద పడుకోబెట్టి తెచ్చారు. దారిలో అడవి కాపలా కాసే జంగలాయన బండి ఆపి చొప్పలోకి కట్టె పొడిచి చూశాడు. కట్టె సరిగ్గా నా కణుపు మీద తగిలి ఠంగుమంది. బండివాడు గట్టిగా దగ్గాడు. జంగలాయన అతని ముఖం చూశాడు, చొప్ప చూశాడు, మళ్లీ ముఖం చూశాడు. చివరికి తన బర్రెకు రెండు మోపుల చొప్ప తీసుకుని, "దగ్గుకు మందు తాగు" అని పంపించాడు. మనుషుల సంగతి నాకు ఆ రోజే సగం అర్థమైంది.

వడ్ల సాయన్న నన్ను నిచ్చెన చేశాడు. మేకులు కొట్టలేదు. వెదురుకు బెజ్జాలు పెట్టి, మెట్లు దూర్చి, తుమ్మ చీలలు బిగించాడు. మొదట మైకుసెట్టు మల్లేశు దగ్గరున్నాను. పెళ్లిళ్లకు చెట్లెక్కి మైకు గొట్టాలు కట్టేవాడు. తర్వాత ఇప్పటి నా యజమాని ఆశన్న తండ్రి ఇంటి కప్పు సర్దుకోవడానికని ఒక్క పూటకు నన్ను అడిగి తెచ్చుకున్నాడు. ఆ పూట ఇంకా అయిపోలేదు. మల్లేశు అడగలేదు, ఈయన ఇవ్వలేదు, నేను నోరెత్తలేదు. తండ్రి పోయాక ఆశన్న పాలబడ్డాను.

దసరా దాటి పత్తి ఏరడం మొదలైందంటే మా ఊరికి చలిభయం పట్టుకుంటుంది. గూనపెంకుల ఇళ్లు కదా, వానాకాలమంతా కోతులు కప్పుల మీద పెళ్లి ఊరేగింపులు తీసి ఉంటాయి. ప్రతి ఇంటివాళ్లూ పెంకులు సర్దుకోవాలి. గోడకూ కప్పుకూ మధ్య సందులో గడ్డి కూరాలి. కిటికీలకు గోనెపట్టాలు కొట్టాలి. నెర్రెలకు మట్టి, పేడ కలిపి పూయాలి. కందికట్టె, పత్తికట్టె వెనకగోడకు పేర్చుకోవాలి. ఊరు మొత్తానికి నిచ్చెనను నేనొక్కణ్నే. అప్పటిదాకా నా ముఖం చూడనివాళ్లు కూడా "ఆశన్నా, బాగున్నవా" అనుకుంటూ వస్తారు. ఆశన్న బాగోగుల మీద వాళ్లకంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టిందో నాకూ తెలుసు, ఆశన్నకూ తెలుసు.

ఒక కట్టుబాటు ఉంది. పొద్దుగూకేసరికి నన్ను గోడ నుంచి తీసి నేల మీద పడుకోబెట్టాలి. నిలబడి ఉన్న నిచ్చెన రాత్రి ఎవరినో ఒకరిని ఇంట్లోకి పిలుస్తుందని వాళ్ల భయం. పిలిస్తే పిలుస్తానేమో, నాకూ మాట్లాడే తోడు కావాలి కదా.

నేను ఆనుకునేది చూరుకు. మనుషులు దాచుకునేదీ చూరులోనే. ఎవరి చూరులో ఏముందో నాకు తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. బీడీలు మానేశానని అందరితో చెప్పినవాడి బీడీకట్ట, మొగుడికి తెలియకుండా దాచిన పెట్టె తాళంచెవి, పక్కింటివాళ్లు ఊరంతా వెతుకుతున్న కొడవలి, అన్నీ చూశాను. అందుకే చెబుతున్నా, మీ ఇంటికి నిచ్చెన తెచ్చుకునే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

ఇక అసలు సంగతి. ఆ ఏటి చలి గురించి ఏం చెప్పమంటారు. చెంబులో నీళ్లు తాగడానికి ముందు చెంబును చంకలో పెట్టుకుని ఓదార్చాల్సి వచ్చేది. కోళ్లు కూయడానికి నోరు తెరిచి, చలిగాలి లోపలికి పోగానే ఆలోచన మానుకునేవి. పొయ్యిలో లేచిన పొగ చూరుదాకా పోయి, బయటికి ఒకసారి తొంగి చూసి, వద్దులే అని తిరిగి ఇంట్లోకే వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. నవ్వకండి. ఈ పొగ సంగతి మళ్లీ వస్తుంది.

ఆ చలిలో ఆశన్న భార్య పోసాని ప్రసవించింది. మగపిల్లాడు. ఆశన్నకు ఇది రెండో బిడ్డ. అంతకుముందు చలికాలం తొలిచూలు ఆడపిల్ల, బోర్లా పడడం కూడా నేర్చుకోకముందే దగ్గు పట్టి, రొమ్ము ఎగరేసి పోయింది. ఆ పిల్లను ఆశన్న తల్లి బుచ్చవ్వ పొద్దున్నే ఎండ తగలాలని అరుగు మీదికి తీసుకొచ్చి ఒళ్లో పెట్టుకునేది. పిల్ల పోయిన నాడు ఆశన్న తల్లితో ఒక్కటే మాట అన్నాడు. "నువ్వు తగిలిచ్చిన గాలే అవ్వా." ఆ తర్వాత బుచ్చవ్వ అరుగు మీద కూర్చోవడమే మానేసింది.

అందుకే ఈసారి ఆశన్న గాలి మీద యుద్ధం ప్రకటించాడు. బాలింత గదికి ఉన్న ఒక్క కిటికీనీ గోనెపట్టాతో మూసి, దాని మీద మట్టి మెత్తాడు. తలుపు సందులకు పాతచీరలు కూరాడు. నన్ను ఎక్కి చూరంతా గడ్డి దట్టించి, పేడ పూశాడు. ఒక్కొక్క పెంకు కిందా అరచెయ్యి పెట్టి చూశాడు. గాలి తగిలిన చోటల్లా గాలిని తిట్టాడు. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, రాత్రీ పగలూ ఆరకూడదన్నాడు. మా దిక్కు ఏటా అందరూ చలికి ఇళ్లు మూస్తారు, కానీ ఎంత మూసినా గూనపెంకుల ఇల్లు ఎక్కడో ఒకచోట ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆశన్న ఆ ఊపిరి కూడా వదల్లేదు. కొడుకు బతకాలి, అంతే.

నాలుగు రోజులకే పోసానికి తలనొప్పి పట్టుకుంది.

"తలకాయ పలుగుతున్నదత్తా. కండ్లు తెరుస్తె ఇల్లు తిరుగుతున్నది," అంది లోపలి నుంచి.

బుచ్చవ్వ శొంఠి అరగదీసి పట్టేసింది. పట్టేస్తూ అక్కడ కాసేపు కూర్చున్నదేమో, బయటికి వచ్చేసరికి ఆమెకూ తల దిమ్మెక్కింది. వాకిట్లో గోడ పట్టుకుని నిలబడి, చల్లగాలికి కాస్త తేరుకుంది. ఆ ఇంట్లో నల్లపిల్లి ఒకటుండేది. ఏటా చలికాలమంతా కుంపటి పక్క నుంచి లేచేది కాదు. ఆ పిల్లి వాకిట్లో మంచులో ముడుచుకుని పడుకుని ఉంది. బుచ్చవ్వ పిల్లిని చూసింది, గది తలుపును చూసింది, మళ్లీ పిల్లిని చూసింది.

కొడుకు చేను నుంచి రాగానే మెల్లగా అంది. "ఆశిగా, ఇంట్ల ఊపిరి మెసలుతలేదురా బిడ్డా. జర ఒక్క సందన్న ఇడువు."

"నీ మాటిని పోయినేడు ఒక బిడ్డను పోగొట్టుకున్న. గాలి ముచ్చట నా ముంగట ఎత్తకవ్వా."

"పిల్లి సుత బయటికొచ్చిందిరా."

"పిల్లికి బాలెంత సంగతేం తెలుసు?"

బుచ్చవ్వ ఇక మాట్లాడలేదు. మాట్లాడని ముసలమ్మలను చూసి జాగ్రత్తగా ఉండాలని నేను అంతకుముందే గమనించాను.

మర్నాడు పొద్దున ఆశన్న తలెత్తి చూసేసరికి బాలింత గది మీద చూరు వరసలో ఒక పెంకు పక్కకు జరిగి ఉంది. జానెడు సందు. పొగ తీగలా బయటికి వస్తోంది. కోతుల పని అనుకుని, నన్ను ఎక్కి సర్దాడు. ఆ మర్నాడు మళ్లీ అదే పెంకు. ఇంకో రోజూ అదే. కోతి అయితే ఇష్టమొచ్చిన పెంకు లాగుతుంది గానీ, రోజూ ఒకే పెంకు వెతుక్కుని జరుపుతుందా? ఆశన్న కళ్లు సన్నబడ్డాయి. పైగా ఆ రోజుల్లో పోసానికి తలనొప్పి కాస్త తగ్గింది. తను కిటికీకి మరో పొర మట్టి మెత్తడం వల్లే తగ్గిందనుకున్నాడు ఆశన్న. మనిషికి మంచి జరిగితే అది తన తెలివి, చెడు జరిగితే పక్కింటివాడి చేతివాటం.

పక్కింటివాడు ఊశన్న. వానాకాలం తన రేకుల మీద నీళ్లు ఆశన్న వాకిట్లో పడుతున్నాయని ఇద్దరికీ మాటామాటా వచ్చి ఉంది. ఊశన్న వేపపుల్ల నములుతూ ప్రహరీ అవతల నిలబడ్డాడు. ఆశన్న ఇవతల నుంచి పెంకును చూసి, ఊశన్నను చూసి, మళ్లీ పెంకును చూశాడు.

"ఏంది తమ్మీ, నన్నూ గూననూ మార్చి మార్చి సూస్తున్నవ్? సంబంధం కలుపుతున్నవా?" అన్నాడు ఊశన్న.

"ఎవడో మా గూన జరుపుతుండు."

"నాది రేకుల ఇల్లాయె. నీ గూన తెచ్చుకొని ఏడ పెట్టుకోవాలె, నెత్తి మీదనా?"

"ఎత్తుకపోలే. జరిపిండు. ఇయ్యాల జరిపినోడు రేపు ఎత్తుకపోతడు."

"అయితే రేపడుగు," అని ఊశన్న పుల్ల ఉమ్మేసి లోపలికి వెళ్లాడు.

ఆశన్నకు అనుమానం తీరలేదు సరికదా, ఊశన్న ఎగతాళి చేసినందుకు ఇంకో అనుమానం చేరింది. ఆ సాయంత్రం గోడ పొడవునా బూడిద చల్లాడు, దొంగ అడుగులు పడతాయని. తెల్లారి లేచి చూస్తే బూడిద లేదు. శుభ్రంగా ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి, ముగ్గు కూడా పెట్టి ఉంది. పెంకు మాత్రం జరిగి ఉంది.

"ఇక్కడ బూడిద ఏమాయెనే?" అన్నాడు.

"ఎవలో బూడిద పారబోసిండ్రు బిడ్డా. ఊడ్చిన," అంది బుచ్చవ్వ.

"నేనే పోసిన."

"వాకిట్ల బూడిద ఎందుకురా?"

"ఎందుకో ఒకందుకు," అని గొణిగాడు. తల్లికి తన ఎత్తు చెబితే ఆమె ఊశన్న భార్యకు చెప్పేస్తుందని భయం. చూశారా, ఊరందరి మీద అనుమానమే గానీ, రోజూ అందరికన్నా ముందు లేచి, ఆ గోడ కిందే ఊడ్చి, చల్లి, అడుగులన్నీ చెరిపేసే మనిషి మీదికి మాత్రం అతని చూపు పోలేదు.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. తొలికోడి నోరు తెరిచి మానుకునే వేళకు బుచ్చవ్వ లేచేది. నేల మీద పడుకున్న నన్ను ఒక కొస పట్టి ఈడ్చి గోడకు చేర్చేది. చేతికర్ర చీర కుచ్చిళ్లలో దోపుకుని ఎక్కేది. డెబ్బై దాటిన మనిషి. తడిసిన గొంగడి అంత బరువు ఉంటుందేమో. మోకాళ్లు పట్టేసి నా నడిమి మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడిపోయేది. నన్ను కరుచుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి అందేదాకా అక్కడే. తర్వాత ఇంకో రెండు మెట్లెక్కి కర్రతో ఆ పెంకును పక్కకు నెట్టేది. సందులో నుంచి వచ్చే పొగకు దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. ఒక్కొక్క రోజు ఆ సందులోకి చెవి పెట్టి వినేది. లోపల పిల్లాడు కుయ్యిమంటే దిగేది, లేకపోతే వినపడేదాకా అక్కడే. దిగేటప్పుడు మళ్లీ నడిమి మెట్టు మీద ఆగేది. నన్ను ఎక్కినవాళ్లలో నా కాలు ఊపి చూడకుండా ఎక్కింది ఆమె ఒక్కతే.

ఆశన్న చివరికి నా మీద పడ్డాడు. దొంగ నిచ్చెన లేకుండా ఎక్కడు కదా అని లెక్కేశాడు. పాత సైకిల్ చైను తెచ్చి, నన్ను కొట్టంలో గుంజకు కట్టి, తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. బర్రె నా వైపు అదోలా చూసింది. అంత మర్యాదస్థుణ్ని, దాని పక్కన తాళం పడి నిలబడ్డాను.

పెంకు జరగడం ఆగిపోయింది. "సూసినవా అవ్వా," అని ఆశన్న మురిసిపోయాడు. "నిచ్చెన కట్టేసిన, దొంగ కట్టుబడ్డడు." బుచ్చవ్వ మాత్రం ఏదో ఒక సాకు పెట్టి గది తలుపు తీస్తూ ఉండేది. చెంబు మరిచిపోయానని ఒకసారి, సాంబ్రాణి వేస్తానని ఒకసారి. ఆమె ఇటు తిరగగానే ఆశన్న తలుపు మూసి చీర కూరేవాడు. పోసాని తలనొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి వాంతులతో. చలి ఎక్కువైందని ఆశన్న కుంపట్లో ఇంకాసిని బొగ్గులు పోశాడు.

మర్నాడు పొద్దున్నే బంకమట్టి, పేడ కలిపిన తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆ పెంకుల వరస మొత్తం మెత్తేస్తే ఇక ఎవడూ జరపలేడని. నా తాళం తీశాడు. గోడకు చేర్చాడు. అలవాటు ప్రకారం నా కాలు ఊపి చూశాడు. బుచ్చవ్వ చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఆశిగా, అది మెత్తకు."

"నువ్వు లోపటికి పో, సలి."

"పోరడు ఏడ్వంగ ఇని ఎంతసేపాయెరా?"

"పండుకున్నడు. వెచ్చగున్నది, పండుకోడా?" నడిమి మెట్టుదాకా ఎక్కేశాడు. తట్ట చూరు మీద పెట్టాడు.

అప్పుడు బుచ్చవ్వ చీపురు కింద పడేసింది. "గా గూన జరిపింది ఊశన్న కాదురా. నేను."

ఆశన్న పగలబడి నవ్వాడు. "నువ్వా? గడప దాటనీకె గోడ పట్టుకుంటవ్."

"నేనే ఎక్కిన. దినాం ఎక్కిన."

తల్లి గొంతులో ఏముందో గానీ ఆశన్న నవ్వు ఆగింది. ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాడు. ఇక అప్పుడు నేను తీర్మానించుకున్నాను. ఈ మనిషికి మాటలతో అర్థం కాదు, ఇప్పుడు పెంకు మెత్తితే ఇద్దరి ప్రాణాలు పోతాయి, నేనే ఏదో ఒకటి చెయ్యాలి అనుకుని, నా నడిమి మెట్టు చీలను నేనే వదిలేశాను.

అవును, మొదట చెప్పిన మాట గుర్తుంది. మనిషి పడలేదన్నాను. పడ్డాడు. ఏం చేద్దాం, ఎంత మంచి నిచ్చెనకైనా ఒక మచ్చ ఉంటుంది.

మెట్టు ఊడి ఆశన్న కాళ్లు గాలిలో తేలాయి. రెండు చేతులా చూరు పట్టుకున్నాడు. చూరు ఆగింది గానీ పెంకులు ఆగలేదు. మట్టితట్టతో సహా ఒక వరస మొత్తం జారి, ఫెళఫెళమంటూ వాకిట్లో, గదిలో పడింది. పది ఇళ్లకు వినపడ్డ చప్పుడు. లోపల మగ్గిన పొగ బుస్సుమని ఆశన్న ముఖం మీద నుంచి పైకి లేచింది. వాసాన్ని పట్టుకుని వేలాడుతూ అతను లోపలికి చూశాడు.

మంచం పక్కనే పెంకులు పడి ముక్కలయ్యాయి. అంత చప్పుడుకు పోసాని కదల్లేదు. పిల్లాడు ఉలిక్కిపడలేదు.

"అవ్వా," అన్నాడు ఆశన్న. చేతులు వదిలి కింద పడ్డాడు.

చప్పుడుకు ఊశన్న ప్రహరీ దూకి వచ్చాడు. చీరలు కూరిన తలుపు ఒక పట్టాన రాలేదు, భుజంతో గుద్ది తెరిచాడు. పోసానిని మంచంతో సహా ఊశన్న, ఆశన్న వాకిట్లోకి మోసుకొచ్చారు. పిల్లాణ్ని బుచ్చవ్వ ఎత్తుకొచ్చింది. మంచు ఇంకా విడవలేదు. ఆమె నడవడం మరిచిపోయిన దానిలా నిలబడి, గుడ్డలు విప్పి, వాడి ముఖం చల్లగాలికి పెట్టింది. వీపు రాసింది, అరికాళ్లు రాసింది. ఆశన్న తల్లి చేతుల్లో ఉన్న బిడ్డ వైపు కాకుండా తల్లి ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆపమని అనలేదు.

కాసేపటికి వాడు కుయ్యిమన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఆ ఏటి చలిలో నోరు తెరిచి మానుకోనిది వాడొక్కడే. పోసాని కళ్లు తెరిచి, వాంతి చేసుకుని, "ఇంటి మీద గూనలేవి?" అని అడిగింది.

ఊశన్న విరిగిన పెంకు ముక్క ఒకటి చేత్తో పట్టుకుని చూశాడు. "తమ్మీ, ఇది మాత్రం నేను ఎత్తుకపోతలేను, మంచిగ సూసుకో," అన్నాడు. ఆశన్న వెళ్లి తల్లి కోసం అరుగు మీద గొంగడి పరిచాడు. బుచ్చవ్వ చాలా రోజుల తర్వాత ఆ అరుగు మీద, ఒళ్లో పిల్లాణ్ని పెట్టుకుని, ఎండ వచ్చేదాకా కూర్చుంది.

అప్పటి నుంచి మా ఊళ్లో ఒక అలవాటు పడింది. చలికి ఇల్లు ఎంత మూసినా, కుంపటి ఉన్న గది మీద ఒక పెంకు ఓరగా వదిలేస్తారు. దాన్ని బుచ్చవ్వ గూన అంటారు. ఆమె పోయినా ఆ గూన మాత్రం పోలేదు.

నేను? ఊడిన మెట్టు ఎవరూ వెయ్యలేదు. ఊళ్లోకి ఇనుప నిచ్చెన ఒకటి వచ్చింది. నన్ను కొట్టం పక్కన నిలబెట్టి చిక్కుడు తీగ పాకించారు. ఏటా చలి మొదలయ్యే ముందు ఆశన్న వచ్చి నన్ను కిందికీ పైకీ చూస్తాడు. చిక్కుడుకాయల కోసం చూస్తున్నాడో, పొయ్యిలోకి ఎన్ని ముక్కలవుతానో చూస్తున్నాడో తెలియదు. నేను కూడా అతన్ని అలాగే చూస్తాను.

పోయేలోగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి నేను కల్పించాను. పొగ తిరిగి ఇంట్లోకొచ్చి కూర్చోవడం అనుకుంటున్నారు కదూ? అది నిజం, చూశారుగా. కల్పించింది నడిమి మెట్టు సంగతి. చీల నేను వదల్లేదు. నాకంత తెలివెక్కడిది, వెదురును. రోజూ తెల్లవారకముందే ఒక ముసలమ్మ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ ఒక్క మెట్టు మీదే రెండు కాళ్లూ ఆనించి, ఊపిరి అందేదాకా అటూ ఇటూ ఊగుతూ నిలబడితే, తుమ్మ చీల మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది?